త్రికోణంలో ఐదు

ఆ రోజు పొద్దున డబ్బాలావిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా వంట ముగించడం, తొమ్మిదింటికి మామూలు భోజనాలు పంపించేయడం, పదకొండింటికి పళ్ల ఆసుపత్రికి వెళ్లి డాక్టరమ్మకు మూడు కూరలు రుచి చూపించడం, ఆసుపత్రి కొత్త శాఖకు రోజూ ముప్ఫై భోజనాలు ఒప్పించుకోవడం, ఇంటికొచ్చి ఒక గంట పడుకోవడం. ఇందులో ఆవిడకు బాగా ఇష్టమైనది చివరిదే అయినా, ప్రాణం మాత్రం ఆ ముప్ఫై భోజనాల దగ్గరే ఉంది. పదిహేనేళ్లుగా రోజుకు పన్నెండు దాటని వంటగది అది. ముప్ఫై వస్తే సాయానికి ఒక మనిషిని పెట్టుకోవచ్చు, నొప్పెట్టే నడుమును కాస్త వాల్చవచ్చు. "రుచి నచ్చితే ఇవాళే ఖాయం చేసేద్దాం. ఇంకొకరు కూడా అడుగుతున్నారు మరి" అని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. ఆ ఇంకొకరు ఎవరై ఉంటారా అని ఆవిడ అప్పటికే నాలుగు వీధులవాళ్లనూ వరసపెట్టి అనుమానించింది.

అనుమానించడం ఆవిడకు ఊపిరి తీసుకున్నంత సులువు. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడనుకునేది, నవ్వకపోతే ఎక్కువ కలిపాడనుకునేది. ఎవరైనా "బాగున్నారా?" అంటే ఎందుకడిగారో తేలేదాకా జవాబు చెప్పేది కాదు. అలాంటి మనిషి లోకంలో అనుమానించనిది ఒక్కణ్ణే. ఆయన ఆవిడ మొగుడు. వీధి చివర దర్జీ.

ఆ నమ్మకానికి కారణం ఉంది. భోజనాలు పంపడం మొదలుపెట్టిన కొత్తలో ఆవిడ రెండు డజన్ల నీలం ప్లాస్టిక్ డబ్బాలు కొనుక్కురమ్మని, ఎక్కడా పోకుండా వాటి మీద తన పేరు చెక్కించుకురమ్మని ఆయన్ని పంపింది. సాయంత్రం ఆయన డబ్బాలతో వచ్చాడు. పేరు ఏదని అడిగితే ఒక డబ్బాను బోర్లించి చూపించాడు. అడుగున మూడు బాణాల త్రికోణం, దాని మధ్యలో ఐదు అంకె.

"పేరైతే అరిగిపోతుంది. అందుకని గుర్తు వేయించాను. ఐదంటే మనం అయిదుగురం. నువ్వు, నేను, పిల్లలిద్దరు, అమ్మ. ఈ బాణాలు చూశావా? డబ్బా వెళ్తుంది, వాళ్లు తింటారు, మళ్లీ మనింటికే వస్తుంది" అన్నాడు.

ఆవిడకు కళ్లు చెమర్చాయి. తన కోసం ఎవరైనా అంత ఆలోచించి చేసిన పని అంతకుముందు ఆవిడకు ఎదురుపడలేదు. తర్వాత ఇంట్లోకి ప్లాస్టిక్ కుర్చీలు కొన్నప్పుడు వాటి అడుగున కూడా అదే గుర్తు కనిపించి అడిగితే, "దుకాణంవాడికి చెప్పి వేయించాను" అన్నాడాయన తడుముకోకుండా. ఆ మరుసటి ఏడు బంగారు ఉంగరం తెచ్చాడు. దాని లోపలివైపు 916 అని సన్నగా ఉంది. "తొమ్మిదో నెల, పదహారో తారీకు. నిన్ను మొదటిసారి చూసిన రోజు" అన్నాడు. ఆవిడకు ఆ తారీకు గుర్తులేదు. గుర్తుపెట్టుకున్న మొగుడు దొరికినందుకు మురిసిపోయింది.

ఇతరుల వస్తువుల అడుగున అంకెలు కనిపించినా ఆవిడకు వింతగా తోచేది కాదు. అందరూ తమలాగే వేయించుకుంటారనుకుంది. నీళ్ల సీసా అడుగున 1 కనిపిస్తే, 'పాపం, ఒంటరివాడెవరో' అనుకునేది. షాంపూ బుడ్డి అడుగున 2 ఉంటే కొత్తగా పెళ్లైనవాళ్లు. డబ్బా అడుగున 5 కనిపిస్తే మాత్రం తమదే. అడగాల్సిన పనేముంది, తెచ్చేసుకునేది. పదిహేనేళ్లలో తన డబ్బా ఒక్కటీ పోలేదనీ, పైగా రెండు డజన్లు నాలుగు డజన్లయ్యాయనీ గర్వంగా చెప్పుకునేది. ఎలా అయ్యాయన్నది ఆలోచించలేదు. ఇందులో ఎరుపు, పసుపు కూడా ఉన్నాయేమని ఎవరైనా అంటే, "ఎండకు రంగు మారతాయండీ" అనేది.

ఆ పొద్దున లెక్కపెడితే నలభై ఆరే ఉన్నాయి.

"ఏమండీ, రెండు తక్కువయ్యాయి."

"ఏవి?" అన్నాడు దర్జీ, మెళ్లో టేపు వేసుకుంటూ.

"డబ్బాలు. రెండు నీలంవి."

"పోనిద్దూ. ఉన్నవి చాలవా?"

"పోనివ్వడానికి అవేమన్నా మామూలు డబ్బాలా? మన గుర్తున్న డబ్బాలు! ఎవరో కాజేశారు. ఇవాళ తేలాల్సిందే."

"పక్కింట్లో చూశావా?" అనేశాడాయన. ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియాలి. పన్నెండు భోజనాల సంచి స్కూటరుకు తగిలించుకుని, మామూలుకన్నా పది నిమిషాలు ముందే వెళ్లిపోయాడు. అది కూడా ఆవిడకు అనుమానంగా తోచలేదు. పాపం, పనిమీద ఎంత శ్రద్ధో అనుకుంది.

పక్కింటి పిన్నిగారు ఒకప్పుడు లెక్కల టీచరు. మాట మొదలుపెడితే గంట కొట్టేదాకా ఆపని మనిషి. డబ్బాలావిడ వెళ్లేసరికి ఆవిడ వంటింట్లో నిలబడి ఉంది. మనిషిని చూస్తూనే గభాలున తువ్వాలు తీసుకుని నోటికి అడ్డం పెట్టుకుంది.

"పిన్నిగారూ, మా డబ్బాలు రెండు కనపడటంలేదండీ. ఇటేమన్నా వచ్చాయా?"

పిన్నిగారు తల అడ్డంగా ఊపింది. మాట లేదు. ఇది చాలు డబ్బాలావిడకు. నోరు మూతపడని మనిషి ఇవాళ నోరు విప్పడంలేదంటే లోపల ఏదో ఉన్నట్టే. వంటిల్లంతా కళ్లతోనే గాలించింది. కిటికీ గట్టు మీద, మూత బిగించి, నీలం డబ్బా!

ఒక్క అంగలో వెళ్లి దాన్ని తల మీదికెత్తి అడుగు చూసింది. మూడు బాణాలు, ఐదు.

"మరి ఇదేమిటండీ?"

పిన్నిగారి కళ్లు పెద్దవయ్యాయి. డబ్బా వైపు చూపించింది, తువ్వాలు మీదనుంచే తన నోటివైపు చూపించింది, చేతులు ఊపింది.

"తిన్నారా? తింటే తిన్నారు, ఎవరు వద్దన్నారు? డబ్బా తిరిగివ్వొద్దూ?"

పిన్నిగారు రెండు చేతులూ జోడించింది.

"దండాలెందుకులెండి, పెద్దవారు. నేనేం పోలీసులకు చెప్పను. ఆ రెండోది ఎక్కడ దాచారో గుర్తు తెచ్చుకోండి, సాయంత్రం వస్తాను."

డబ్బాలో ఏదో కదిలింది. నీళ్ల చప్పుడు కూడా అయింది. మూత తీయబోయి ఆగింది. సాక్ష్యాన్ని ఒంటరిగా తెరిస్తే ఎవరు నమ్ముతారు? నలుగురి ముందే తెరవాలి. ఇంటికెళ్లి గడియారం చూస్తే పదిన్నర. దాన్ని సంచిలో, అప్పటికే సర్దిపెట్టిన మూడు నీలం డబ్బాల కూరల పక్కన పడేసి, ఆసుపత్రికి బయలుదేరింది.

రోజూ ఇక్కడికి ఆ పన్నెండు భోజనాలు తెచ్చేది దర్జీయే కాబట్టి ఆసుపత్రిలో ఆవిడ ముఖం ఎవరికీ తెలియదు. "భోజనాలావిడని. డాక్టరమ్మ రమ్మన్నారు" అంటే, బల్ల దగ్గర కూర్చున్న రిసెప్షన్ అమ్మాయి, "లోపల పన్ను పీకుతున్నారండీ, కూర్చోండి" అంది. ఆవిడ కూర్చోలేదు. బల్ల మీద పెన్నులు పెట్టుకున్న డబ్బా మీద పడ్డాయి కళ్లు. పెన్నులు బల్ల మీద ఒంపి, డబ్బా బోర్లించింది.

"ఏంటండీ, ఏం చూస్తున్నారు?"

"ఎవరిదో చూస్తున్నా" అంది డబ్బాలావిడ. ఐదు.

పక్కనే ఉన్న చెత్తబుట్టను ఎత్తి చూసింది. ఐదు. మందులు పెట్టిన ట్రేను వంచి చూసింది. ఐదు. గోడ వారగా ఆరు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. చివరి కుర్చీలో బుగ్గ వాచిన పెద్దమనిషి ఒకాయన కూర్చున్నాడు.

"ఒక్కసారి లేవండి."

"నా వంతు వచ్చిందా?" అన్నాడాయన ఆశగా.

"మీది కాదండీ. కుర్చీది."

ఆ కుర్చీకీ ఐదే. మూడేళ్ల కిందట వీధివాళ్ల సమావేశానికి నాలుగు కుర్చీలిస్తే మూడే తిరిగొచ్చాయి. నాలుగోది ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది. పక్కింటి పిన్నిగారు ఏపాటి, దొంగల కొంప ఇది! ఇన్నేళ్లు ఈ మనుషులకా తను వేడివేడిగా వండి పంపింది? ఇప్పుడే నిలదీస్తే ముప్ఫై భోజనాలు చేజారిపోతాయి. నిలదీయకపోతే కడుపు ఉబ్బిపోతుంది. ముందు భోజనాలు ఖాయం చేసుకుని, ఆ తర్వాత నిలదీయడమే మంచిదని తేల్చుకుంది.

అప్పటికి రిసెప్షన్ అమ్మాయికి కూడా అనుమానం వచ్చింది. భోజనాల పుస్తకంలో దర్జీ నంబరు వెతికి ఫోను చేసి, గొంతు తగ్గించి, "సార్, ఇక్కడెవరో భోజనాలావిడనంటున్నారు. రోగుల్ని లేపి కుర్చీలు బోర్లిస్తున్నారు. నిజంగా మీ ఆవిడేనా?" అని అడిగింది.

అవతల కత్తెర కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, "అడుగున చూస్తోందా?" అని దర్జీ నీరసంగా అడిగాడు.

"అవునండీ."

"అయితే మా ఆవిడే."

లోపల డాక్టరమ్మ చేతులు కడుక్కుని నవ్వుతూ ఎదురొచ్చింది. ఆ నవ్వులో ఎన్ని కుర్చీలున్నాయో అనుకుంది డబ్బాలావిడ. అయినా ముఖాన నవ్వు పులుముకుని, ఏది ఏదో చూసుకోకుండా సంచిలోని నాలుగు డబ్బాలూ బల్ల మీద పెట్టింది.

"కొత్త శాఖలో ఒక్కొక్కరు ఒక్కో వేళకు తింటారు. ఈ డబ్బాలు మైక్రోవేవ్ ఓవెన్లో పెట్టి వేడి చేసుకోవచ్చా?" అంది డాక్టరమ్మ.

"నిక్షేపంగా! మరిగేది పోసినా వంగవు. పులుపు పెట్టినా ఏం కావు. మూత ఇలా ఎన్ని వేలసార్లు మడిచినా ఊడదు. చూడటానికి ఇంత ఉంటుంది కానీ, నీళ్లలో వేస్తే తేలుతుంది. ఎండలో మాత్రం వదిలేయకూడదు, పెళుసెక్కుతుంది. మంచుపెట్టెలోంచి తీసి కింద పడేసినా పగులుతుంది."

"మీకు దీని గురించి చాలా తెలుసే!"

"పదిహేనేళ్లు కడిగానండీ. మా ఆయన ఏరి ఏరి తెచ్చారు, గుర్తు కూడా వేయించి" అంది డబ్బాలావిడ. గుర్తు అన్నప్పుడు డాక్టరమ్మ ముఖం మారుతుందేమోనని గుచ్చి గుచ్చి చూసింది. మారలేదు. ఎంత ఆరితేరిన మనిషో!

డాక్టరమ్మ చేతికందిన డబ్బా దగ్గరికి లాక్కుని, చెంచా పట్టుకుని, మూత తీసింది.

నీలిరంగు నీళ్లలో పైవరస పళ్లు పూర్తిగా, చిగుళ్లతో సహా, ఆవిడవైపు చూసి నవ్వుతున్నాయి.

చెంచా గాల్లోనే ఆగిపోయింది. "ఇది... ఏం కూరండీ?" అని డాక్టరమ్మ మెల్లగా అడిగింది.

డాక్టరమ్మ చెంచా పక్కన పెట్టి, చేతి తొడుగు వేసుకుని, ఆ పళ్లను బయటికి తీసి దీపం కింద అటూ ఇటూ తిప్పింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఈ ఎడమ పన్ను అరగదీసింది నేనే. ఇవి లెక్కల టీచరుగారివి. ఆవిడ పళ్లు మీ సంచిలోకి ఎలా వచ్చాయి?"

"దొంగసొత్తండీ అది!"

"పళ్లా?"

"కాదండీ, డబ్బా! పళ్ల సంగతి నాకేం తెలుసు?"

డాక్టరమ్మ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. తలుపు మీద కన్నేసి, "మనిషి నోట్లోంచి పళ్లు పోతే పోలీసులకు చెప్పాలో, నాకు చెప్పాలో కూడా తెలియడంలేదు. ముప్ఫై భోజనాల సంగతి మాత్రం తర్వాత చూద్దాం లెండి" అంది. ఆ 'తర్వాత' అంటే ఏమిటో డబ్బాలావిడకు తెలుసు.

అప్పుడే తలుపు తోసుకుని పిన్నిగారు, ఆవిడ వెనక చెమటలు కక్కుతూ దర్జీ వచ్చారు. పిన్నిగారు నేరుగా దర్జీ కొట్టుకు వెళ్లి సైగలు చేస్తుంటే, సరిగ్గా అప్పుడే ఆసుపత్రి ఫోను వచ్చిందట. ఆయన ఆవిణ్ణి స్కూటరు వెనకాల కూర్చోబెట్టుకుని వచ్చేశాడు. పిన్నిగారు ఎవరినీ చూడకుండా డాక్టరమ్మ చేతిలోంచి పళ్లు అందుకుని, కుళాయి దగ్గర కడిగి, అటు తిరిగి పెట్టుకుని, ఇటు తిరిగింది. ఇక ఆ గదిలో గంట కొట్టేవాళ్లు లేరు.

"అమ్మాయ్! ఈ పళ్లు పెట్టుడువని ఆరేళ్లుగా ఈ వీధిలో ఒక్క పిట్టకు కూడా తెలియనివ్వలేదు. ఇవాళ నీ పుణ్యమా అని వీధంతా తెలిసింది! డబ్బా మా చెల్లెలు కొనిచ్చింది. పోయిన ఏడు నా పంచదార డబ్బా పట్టుకుపోయావు. అంతకుముందు చెంచాల డబ్బా. మొన్న మొన్న సూదులూ దారాల డబ్బా. పోనీలే, కష్టపడే పిల్ల, అవసరమేమోనని ఊరుకున్నాను. పళ్లదాకా వచ్చాక కూడా ఊరుకోమంటావా?"

"పిన్నిగారూ, వాటి అడుగున మా గుర్తుంది!" అని డబ్బాలావిడ అరిచినంత పని చేసింది. "డాక్టరమ్మగారి కుర్చీల కింద కూడా ఉంది! మా అయిదుగురి గుర్తు!"

డాక్టరమ్మ బల్ల కిందనుంచి తన కాళ్లపీట తీసి బోర్లించింది. మాత్రల డబ్బా బోర్లించింది. రోగులు పుక్కిలించే గిన్నె బోర్లించింది. అన్నిటి అడుగునా అదే త్రికోణం, అదే ఐదు.

"ఇది ఎవరి గుర్తూ కాదమ్మా. ఫలానా రకం ప్లాస్టిక్ అని చెప్పే అంకె. ఐదంటే పాలీప్రొపిలీన్. మీరు ఇందాక చెప్పారే, వేడికి వంగదు, నీళ్లలో తేలుతుంది, మూత ఊడదు అని, అదంతా దాని గుణమే. వాడి పారేశాక ఏ రకాన్ని ఆ రకంతో కలిపి కరిగించి మళ్లీ వస్తువులు చేస్తారు. అందుకే ఆ బాణాలు. ప్రపంచంలో కోట్ల డబ్బాల మీద ఉంటుందిది."

డబ్బాలావిడ మొగుడివైపు తిరిగింది. "ఏమండీ. చెప్పండి ఈవిడకి."

దర్జీ మెళ్లో టేపును చుట్టాడు, విప్పాడు. చివరికి, "పేర్లు చెక్కేవాడి కొట్టు ఆ రోజు మూసి ఉంది. రేపు మళ్లీ వెళ్లొచ్చులే అని స్నేహితుడి ఇంట్లో కాస్త నడుం వాల్చాను. లేచేసరికి సాయంత్రం. ఉత్త డబ్బాలతో వస్తే నువ్వేమంటావో అని... బోర్లిస్తే ఈ ఐదు కనపడింది. మనం కూడా అయిదుగురమే కదా అని..." అన్నాడు.

ఆవిడకు కోపం రాలేదు. ఆయన్ని ఎక్కువ భయపెట్టింది అదే.

"రోజూ కడిగేటప్పుడు దాని మీద ఒకసారి వేలు పెట్టి చూసుకునేదాన్ని" అందావిడ. పదిహేనేళ్ల పాటు ఎంత అలిసిపోయినా ఆ త్రికోణం చేతికి తగలగానే ఆవిడకు కాస్త ఓపిక వచ్చేది. తన ఇల్లంతా అందులో ఉందనుకుంది. ఇప్పుడు అది రోగులు పుక్కిలించే గిన్నె అడుగున కూడా ఉంది. ఏడుపు ఆపుకోలేకపోయింది. పిన్నిగారు తిట్టడం ఆపి, తన తువ్వాలు ఆవిడకందించింది.

"బాణాల మాట మాత్రం పూర్తిగా అబద్ధం కాదు. వెళ్లింది మళ్లీ తిరిగొస్తుందనే కదా..." అన్నాడు దర్జీ, డాక్టరమ్మవైపు దీనంగా చూస్తూ.

"వస్తుంది. మీ అబద్ధం రావడానికి పదిహేనేళ్లు పట్టింది" అంది డాక్టరమ్మ.

ఆయన సిగ్గుతో ఒక అడుగు వెనక్కి వేశాడు. భుజానికున్న సంచిలో ఏదో గలగలమంది. డబ్బాలావిడ ఏడుపు ఠక్కున ఆగింది.

"ఏమిటది?"

"ఏం లేదు."

ఆవిడ తనే సంచిలో చెయ్యి పెట్టి తీసింది. నీలం డబ్బాలు రెండు. ఒకదాంట్లో గుండీలు, రెండోదాంట్లో హుక్కులు. "నిన్న తీసుకెళ్లాను. నువ్వు ఇవాళ ఇంత గొడవ చేస్తావనుకోలేదు. మెల్లగా తెచ్చి పెట్టేద్దామని..." అని ఆయన గొణిగాడు.

"మరి పొద్దున పక్కింట్లో చూడమన్నారు!"

ఆ మాటకు పిన్నిగారు తువ్వాలు ఆవిడ చేతిలోంచి వెనక్కి తీసుకుని దర్జీవైపు తిరిగింది. ఈసారి ఆయన వంతు.

పిన్నిగారి పాఠం నడుస్తున్నంతసేపూ రిసెప్షన్ అమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. భోజనాల వేళ అది. మిగిలిన మూడు డబ్బాల మూతలు ఎవరు తీశారో తెలియదు కానీ, పాఠం ముగిసేసరికి రెండు ఖాళీ అయ్యాయి. మూడోదాంట్లో డాక్టరమ్మ చెంచా ఉంది.

"ఒకటో తారీకు నుంచి ముప్ఫై పంపండి" అంది డాక్టరమ్మ, మూతి తుడుచుకుంటూ. "ఒక్కటే షరతు. కొన్నాళ్లపాటు మూతలు తీసి చూపించి ఇవ్వాలి."

డబ్బాలావిడ డాక్టరమ్మ చేతులు రెండూ పట్టుకుంది. పిన్నిగారికి సాయంత్రం తన వంటింట్లో డబ్బాలు ఏరుకోమని చెప్పింది. వీధిలో ఇంకెవరెవరి డబ్బాలున్నాయో అవీ ఇచ్చేస్తానంది. అన్నీ ఇచ్చేస్తే ముప్ఫై భోజనాలు దేంట్లో పంపాలో ఆవిడకు తట్టలేదు. తట్టినప్పుడు మళ్లీ కొనుక్కుంటుంది, ఈసారి పేరు తనే దగ్గరుండి చెక్కించుకుంటుంది.

పిన్నిగారిని ఆటో ఎక్కించి పంపి, మొగుడూ పెళ్లాలు నడుస్తూ బయలుదేరారు. దర్జీ స్కూటరు తోసుకుంటూ వెనక నడిచాడు. ఆయన పదిసార్లు గొంతు సవరించుకున్నాడు. చివరికి ఆవిడే, "పోనీలెండి. మరీ పరాయివాడిది కాదుగా ఆ ఐదు. మనం అయిదుగురమన్న మాటైతే నిజమే" అంది. ఆయన ప్రాణం లేచొచ్చింది.

నాలుగు అడుగులు వేసి ఆవిడ ఆగింది. ఎడమచేతి వేలికున్న ఉంగరం తీసి, లోపలివైపు ఎండకు పట్టి చూసింది. తర్వాత ఆయన్ని చూసింది. పాలవాణ్ణి చూసినట్టు చూసింది.

"ఏమండీ, మీరు నన్ను మొదటిసారి చూసింది తొమ్మిదో నెలలోనే కదా?"

"తొమ్మిదో నెలే! ఎందుకడుగుతున్నావ్?" అన్నాడు దర్జీ, స్కూటరును గబగబా సందువైపు తిప్పుతూ. "ఇటు వెళ్దాం పద, అటు ఎండెక్కువ."

అటు ఎండ లేదు. నగల దుకాణం ఉంది, బోర్డు మీద '916 బంగారం' అని పెద్దక్షరాలతో.